పది వాక్యాల కాగితం మొర

నేనొక ప్రశ్నావళిని. అమెరికా సమాజ శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో నన్ను లోకానికి చూపించాడు. హైస్కూలు పిల్లలు తమను తాము ఎంత విలువగా చూసుకుంటున్నారో తెలుసుకోవడం నా పని. నాలో ఐదు వాక్యాలు మెచ్చుకునేవి, ఐదు కించపరిచేవి. కించపరిచేవాటికి ‘ఒప్పుకోను’ అన్నవాళ్లకే ఎక్కువ వచ్చేలా మార్కులు తిరగేసి వెయ్యాలి. అది మరిచి కూడేసిన మహానుభావుల పుణ్యాన నిబ్బరమున్న పిల్లల మార్కులూ పడిపోయాయి. తప్పు లెక్క వాళ్లది, చెడ్డపేరు నాది.

తెలంగాణలో దమ్మపేట వైపు ఇంట్లో కోయ భాష మాట్లాడి, బడిలో తెలుగు చదివే పిల్లకు నన్నిచ్చారనుకోండి. గర్వపడదగ్గది తనలో లేదనే వాక్యం దగ్గర ‘ఒప్పుకోను’ అని టిక్కు పెట్టాలంటే, లేదన్నదాన్ని మళ్లీ కాదనాలి. అక్కడ తడబడితే పోయేది భాషలో మార్కు, పరీక్షించేవాళ్లు రాసుకునేది ఆత్మగౌరవంలో లోటు! 2005లో పరిశోధకులు ష్మిట్, అల్లిక్ నాకు 53 దేశాల్లో వచ్చిన జవాబులు పరిశీలించి, కించపరిచే వాక్యాలను అన్నిచోట్లా ఒకేలా అర్థం చేసుకోవడం లేదన్నారు. వాళ్లు చూసింది ఎక్కువగా కాలేజీ విద్యార్థులను. చిన్నపిల్లల సంగతి చెప్పాలా?

జవాబులు ఒకదానితో ఒకటి పొసిగాయి, ఆ పొందికను కొలిచే ఆల్ఫా అనే అంకె బాగా వచ్చింది కదా అంటారు. రెండు ఊళ్ల కుంచాలు దేనికది నిలకడగానే కొలుస్తాయి, రెంటి కొలతా ఒకటి కానక్కర్లేదు. అణగారిన పిల్లలకు ఆత్మగౌరవం తక్కువే ఉంటుందన్న ఊహ కూడా పాతదే. 1940లలో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలైన క్లార్క్ దంపతులు నల్ల, తెల్ల బొమ్మలు చూపిస్తే నల్లజాతి పిల్లలు ఎక్కువమంది తెల్లబొమ్మనే కోరారు. బొమ్మల్లో దేన్ని ఇష్టపడ్డారో తెలిసిందే తప్ప తమ విలువ ఎంతనుకున్నారో తెలియలేదు. 2000లో పరిశోధకులు గ్రే-లిటిల్, హాఫ్‌డాల్ పాత అధ్యయనాలు కలిపి చూస్తే నల్లజాతి వారి ఆత్మగౌరవ మార్కులే తెల్లవారికంటే కాస్త ఎక్కువ. అది వినడానికి బాగానే ఉంది, కానీ వాక్యాలు రెండు గుంపులకూ ఒకేలా అర్థమయ్యాయా అన్న గీటురాయి మీద ఆ పోలికనూ పెట్టాలి.

అలాగైతే కోయ పిల్లలను తెలుగు పిల్లలతో పోల్చనే కూడదా? పోల్చండి. ముందు నన్ను కోయలో చదివి వినిపించండి, ఎందుకలా టిక్కు పెట్టావని కొందరినైనా అడగండి, రెండు గుంపుల్లో ఒకేలా పనిచేయని వాక్యాన్ని తీసెయ్యండి. ఇదంతా ఖర్చంటారు. తప్పుడు తీర్పు ఖర్చు మాత్రం పిల్లలే మొయ్యాలి.

పని కాగానే నన్ను కట్టగట్టి బీరువా మీద పడేస్తారు. కొన్నాళ్లు దుమ్ము, తర్వాత చెద, మిగిలితే చిత్తుకాగితాల బేరం. మొత్తాలు రిపోర్టుకెక్కుతాయి. పెన్సిల్ ఎక్కడ ఆగిందో, ఏ టిక్కు చెరిపి దిద్దారో నాతోనే పోతుంది. అయ్యా, అమ్మేముందు ఆ చెరిపివేతలు ఏ వాక్యం దగ్గర ఎక్కువున్నాయో ఒక్కసారి లెక్కపెట్టండి. మార్చాల్సిన వాక్యం అక్కడే దొరుకుతుంది.