మీటరు సంజీవని (టీకా తాత్పర్య విశేష సహితం)

మూలం: "అక్కడంతా సిస్టమండీ. మీటరేస్తాడు, మీరు కట్టేస్తారు. అంతే."

అవతారిక: ఈ వాక్యానికి కర్త మా తోడల్లుడుగారు. స్థలం ఒక గృహప్రవేశం, రెండో పంక్తి. నేను రోమ్ వెళ్తున్నానని తెలిసి, పెరుగన్నం ముగించి విస్తరి మడుస్తూ, అటూ ఇటూ నలుగురూ వినేలా ఉపదేశించారు. సూత్ర లక్షణాల్లో అల్పాక్షరత్వం దీనికి పూర్తిగా పట్టింది. అసందిగ్ధత పట్టలేదు కనుక వ్యాఖ్య అవసరమైంది. మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి వ్యాఖ్యానాలకు దిగాడు. ఆయన టాక్సీకి 70 యూరోలు పోగొట్టుకోలేదు. నాకా నియమం వర్తించదు.

అక్కడ: దేశవాచకం. ఏ దేశమో తెలియదు. పారిస్, వియన్నా, రోమ్ అన్నీ ఒకే 'అక్కడ'లో ఇమిడిపోతాయి. 'ఇక్కడ ఏముంది మన మొహం' అన్నది ధ్వని. వాక్యానికి ప్రాణం ఆ ధ్వనే.

సిస్టము: స్పష్టం. (పూర్వ వ్యాఖ్యాతలు కూడా సరిగ్గా కొరుకుడు పడని చోటే 'స్పష్టం' అని రాసి తప్పుకునేవారు.)

మీటరేస్తాడు: 'మీటరు వేస్తాడు' అని విడదీయాలి. మధ్యలో వకారం ఏ సూత్రం వల్ల ఎగిరిపోయిందో చిన్నయసూరి చెప్పలేదు. ఆయన తప్పు కాదు. ఆయన పోయిన మూడు దశాబ్దాలకు, 1891లో గాని, జర్మనీలో విల్‌హెల్మ్ బ్రూన్ టాక్సీమీటరు కనిపెట్టలేదు. లాటిన్‌లో 'టాక్సా' అంటే విధించిన రుసుము, దాన్ని కొలిచేది టాక్సీమీటరు, అది బిగించిన బండి టాక్సీ. అంటే ఆ పేరు బండిది కాదు, బిల్లుది.

ఇక్కడ ఒక విశేషం చెప్పక తప్పదు. మీటరు బ్రూన్‌గారి సొత్తనుకోవడం పొరపాటు. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలోనే రోమన్ వాస్తుశిల్పి విట్రువియస్ తన గ్రంథం పదో సంపుటిలో దూరాన్ని కొలిచే బండిని వర్ణించాడు. చక్రం అడ్డుకొలత 4 అడుగులు. ఒక్క చుట్టు తిరిగితే పన్నెండున్నర అడుగులు. 400 చుట్లకు 5,000 అడుగులు, అంటే ఒక రోమన్ మైలు. చక్రం నాభి మీదున్న పన్ను చుట్టుకొకసారి 400 పళ్ళ చక్రాన్ని ఒక్కొక్క పన్నే జరుపుతుంది. ఆ చక్రం ఒక చుట్టు పూర్తిచేస్తే పైనున్న పళ్ళెం ఒక బెజ్జం మేర కదులుతుంది. బెజ్జంలో గులకరాయి. అది జారి కిందనున్న కంచు పాత్రలో ఠంగుమంటుంది. సాయంత్రం పాత్ర దించి రాళ్ళు లెక్కపెట్టుకుంటే ఎన్ని మైళ్ళు వచ్చామో తెలిసిపోతుంది. నేను ఈ భాగం ఎన్నిసార్లు చదివానో! ఎంత మర్యాదైన మీటరు! బండి ఆగితే రాయి పడదు. ఎర్రదీపం దగ్గర నిలబడ్డందుకు రాయి పడదు. రాత్రి పది దాటిందని మొదటి రాయి బరువెక్కదు. ఆదివారమని పెద్ద రాయి వెయ్యరు. ఈనాటి రోమ్ మీటరుకు ఈ నీతులేవీ లేవు. బండి ఆగితే కాలాన్ని కొలుస్తుంది. పైగా ఛార్జీ కొంత మొత్తం దాటాక కిలోమీటరు రేటే మారిపోయి, అద్దం కింద టి1 కాస్తా టి2, టి3 అవుతుంది. ముందు సీట్ల సందులోంచి నేను చూస్తుండగానే అయింది.

ఎక్కడున్నాం? మీటరేస్తాడు. సరే. వేయవలసిన పనే లేదన్నది నా గోడు.

ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి ఆరేలియన్ గోడల లోపలికి రోమ్ నగరపాలక సంస్థ ఖాయం చేసిన ఛార్జీ ఉంది. 2024లో 50 యూరోలను 55 చేశారు. మనిషికి కాదు, బండికి. సామాను ఛార్జీ అందులోనే. బండి తెల్లగా ఉండాలి, తలుపు మీద నగరం పేరు, లైసెన్సు నెంబరు ఉండాలి. అన్నీ ఉన్నాయి. అన్నీ ఉన్న బండే ఎక్కాను.

"మీటరెందుకయ్యా, 55 కదా" అని వచ్చీరాని ఇటాలియన్‌లో అన్నాను. "ఫువోరి లె మూరా" అన్నాడు డ్రైవరు. గోడల బయట, అని. మీ హోటలు గోడకి అవతల, అందుకని మీటరు.

గోడలు, అనగా: 271లో జర్మన్ తెగల భయంతో ఆరేలియన్ చక్రవర్తి మొదలుపెట్టిన ప్రాకారం. 275లో ఆయన్ని సొంతవాళ్ళే పొడిచి చంపారు, ప్రోబస్ కాలంలో పని పూర్తయింది. చుట్టుకొలత దాదాపు 19 కిలోమీటర్లు. మూడో శతాబ్దంలో శత్రువు కోసం కట్టిన గోడను టాక్సీ రేటుకు సరిహద్దు చేసిన నగరం రోమ్. ఇలాంటి పని మన ఓరుగల్లు కోట చుట్టూ ఎవరైనా చేస్తే ముందు నేనే చప్పట్లు కొడతాను. 1870 సెప్టెంబరు 20న ఇటలీ సైన్యం పోప్ ఏలుబడిలోని రోమ్‌లోకి రావడానికి ఈ గోడనే ఫిరంగులతో బద్దలు కొట్టింది, పోర్తా పియా ద్వారం పక్కన. ఆ ద్వారం దాకా వెళ్ళే వీధికి ఆ తేదీనే పేరుగా పెట్టుకున్నారు: వియా వెంతి సెత్తెంబ్రే, సెప్టెంబరు ఇరవై వీధి. మా హోటలు సరిగ్గా ఆ వీధి పక్క సందులో.

బండి కొలోసియం మీదుగా వెళ్ళింది. అది దారో చుట్టో నాకింకా తేలలేదు. మేఘసందేశంలో యక్షుడు మేఘానికి దారి చెబుతూ, కాస్త చుట్టయినా సరే ఉజ్జయిని చూడకుండా పోవద్దంటాడు. మల్లినాథుడు అక్కడేమీ ఆక్షేపించలేదు. ఎలా ఆక్షేపిస్తాడు, మేఘానికి మీటరు లేదుగా! 55కి ఒప్పుకున్న బండి కొలోసియం చూపిస్తే దర్శనం. మీటరు మీద చూపిస్తే అదే కొలోసియాన్ని పళ్ళు కొరుక్కుంటూ చూడాలి.

మీరు కట్టేస్తారు: 'కడతారు' కాదు, 'కట్టేస్తారు'. ఆ 'వేయు' ధాతువులో మారు మాట్లాడకపోవడం అన్న అర్థం దాగి ఉంది. మీటరు 68 చూపించింది. కార్డు తీశాను. డ్రైవరు మిషను వంక చూసి, విచారంగా తల ఊపాడు. పని చేయదట. ఇటలీలో కార్డు కాదన్న వ్యాపారికి 2022 నుంచి 30 యూరోలూ, ఆ మొత్తంలో 4 శాతమూ జరిమానా ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ 70 నోట్ల రూపంలో ఇచ్చాను. చిల్లర లేదన్నాడు. సరేనన్నాను.

ఆక్షేపం: బెజవాడ స్టేషను బయట పది రూపాయలకు ఆటోవాడితో పావుగంట వాదించే మనిషివి, అక్కడ నోరెందుకు పెగల్లేదు? సమాధానం: చెవిలో 'అంతే' మోగుతోంది గనక. 'అంత' మీద అవధారణార్థకమైన 'ఏ' చేరి 'అంతే' అయింది. ఇంకేమీ లేదు, అడగొద్దు, అని. సిస్టం ఉన్నచోట అడిగితే మనమే మొరటువాళ్ళమవుతామని నాకు నేనే చెప్పుకున్నాను. డ్రైవరు మీద నాకు పెద్ద కోపం లేదు. తిరుగు ప్రయాణంలో ఎక్కిన బండి డ్రైవరు, యాభై ఏళ్ళావిడ, మీటరు ముట్టుకోకుండా 55 కార్డు మీద తీసుకుని, అడక్కుండానే రసీదు ఇచ్చింది. అదీ అక్కడే, ఇదీ అక్కడే. నా కోపమల్లా ఆ 'ఏ' మీద.

ప్రమాణ విచారం: మర్నాడు పొద్దున్నే గోడ సంగతి తేల్చుకుందామని బయల్దేరాను. సందు చివర గోడ కనిపిస్తూనే ఉంది, కానీ గోడ రెండు పక్కలా గోడలాగే ఉంటుంది, ప్రత్యక్షం ఇక్కడ చాలదు. ద్వారం దగ్గరికి నడిచాను. పోర్తా పియా అలంకార ముఖానికి రూపకల్పన మైకెలాంజెలోది, పని 1561లో మొదలైంది. సాధారణంగా కోట ద్వారాల సోకు బయటివాడి కోసం. ఆయన మాత్రం ఆ ముఖాన్ని నగరం లోపలికి తిప్పాడు. హోటలు నుంచి నడిచి వచ్చిన నాకు ఎదురుగా కనిపించింది ఆ ముఖమే. కాబట్టి హోటలు లోపల. కాబట్టి 55. మైకెలాంజెలో సాక్ష్యం చెప్పాడు. వినవలసిన డ్రైవరు అప్పటికి ఏ స్టాండులో ఉన్నాడో.

తాత్పర్యం రాయబోయే ముందు మూలకర్తనే అడిగి సందేహ నివృత్తి చేసుకుందామని ఊరొచ్చాక ఫోన్ చేశాను. "రోమ్‌లో మీరు ఎక్కిన టాక్సీవాడు ఎంత తీసుకున్నాడండీ?" అన్నాను.

ఆయన వెళ్ళింది ఎనిమిది రోజుల ప్యాకేజీ టూరు. విమానాశ్రయం నుంచి విమానాశ్రయం దాకా టూరువాళ్ళ బస్సు. టాక్సీ ఎక్కలేదు.