పప్పుల దర్బారు

కొత్త ఫ్లాట్లలో వంటగది అరల మీద గాజు సీసాలు కొలువుదీరాయి.

వెదురు మూతలు. మెడకో తాడు. తాడుకో చీటీ. లోపల కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు.

దర్శనం ఉచితం. ముట్టుకుంటే మాత్రం గాజు మీద వేలిముద్ర పడుతుంది!

లీటరు సీసాలో కిలో కందిపప్పు పట్టదు. మిగిలింది ప్యాకెట్‌లోనే, రబ్బరు బ్యాండు చుట్టుకుని, సింకు కింద అరలో. రోజూ ఉడికేది అదే. పైనున్నది ఫొటోలకు.

పసుపు, కారం కిటికీ ఎదుటే. వెలుతురు తగిలితే పసుపు వెలిసిపోతుందని అమ్మమ్మ దాన్ని జాడీలో దాచేది. పాపం, ఆమెకు ఇంటీరియర్ డిజైనర్ లేడు.

హార్లిక్స్ సీసాలో పోపు గింజలు పోసుకున్న తరం ఇదంతా చూసి నోరు మూసుకుంది. చెబితే పాతకాలం వాళ్లంటారని.

ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. పప్పుకు పురుగు పడితే ఇప్పుడు హాల్లో సోఫాలోంచే కనిపిస్తోంది. చుట్టాలకు కూడా.

కొనబోయేవారికి మనవి: చీటీ సంగతి తర్వాత, మూతకు రబ్బరు వాషరుందో లేదో చూసుకోండి. లేకుంటే మీతోపాటు పురుగుకూ గృహప్రవేశమే.