పాతబస్తీని ఒకసారి ఆమోదించి, మళ్ళీ దాని మొహం చూడకుండా బతకడం ఎలా?

మీ దగ్గర హైదరాబాదు పాతబస్తీ చరిత్ర మీద ఒక వికీ ఉంది. పదిమంది రాస్తారు, ఇద్దరు దిద్దుతారు, మిగిలినవాళ్ళు రచ్చబండలో కొట్లాడుకుంటారు. ఈ కొట్లాట లోకం కంట పడకూడదు. నిర్వాహకులు సరేనన్న పేజీలు మాత్రం వాటంతటవే బయల్దేరి, వేరే ఊళ్ళో వేరే సర్వర్ మీద ఉన్న ముచ్చటైన సైటులో కూర్చోవాలి. మధ్యలో మనిషి చెయ్యి పడకూడదు. ఇదే కదా మీ కోరిక? నిక్షేపంగా తీరుతుంది. తీరాక నిశ్చింతగా ఎలా నిద్రపోవాలో కూడా చెబుతాను.

మొదట ఈ పేజీలను మోసే స్క్రిప్టు రాయించండి. వ్యాసాల సంగతి తర్వాత చూడొచ్చు. దీనికి మన ఊళ్ళోనే పూర్వాచారం ఉంది. మూసీ మీద పురానాపూల్ కట్టింది 1578లో, చార్మినార్ కట్టింది 1591లో. వంతెన ముందు వచ్చింది, నగరం తర్వాత వచ్చింది. కాబట్టి వికీలో నాలుగు మొలక వ్యాసాలే ఉన్నాయని సిగ్గుపడకండి.

తర్వాతది ఆమోదం. పాతకాలంలో దీన్ని అనవసరంగా పెద్ద పని చేసుకునేవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం ఇంగ్లీషు పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి 1917లో నిజాం ప్రభుత్వం దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టింది. అనువాదకుడు రాస్తే సరిపోయేది కాదు. భాష ఎలా ఉందో చూడటానికి నాజిర్-ఎ-అదబీ, మతపరంగా ఎవరికైనా నొప్పి తగులుతుందేమో చూడటానికి నాజిర్-ఎ-మజ్హబీ ఉండేవారు. పారిభాషిక పదాలు తేల్చడానికి వేరే కమిటీలు కూర్చునేవి. మీకంత ఓపిక ఎందుకు? మీ వికీలో ఒక మీట ఉంటుంది. అది నొక్కితే ఆ కూర్పు ఆమోదం పొందినట్టే. ఎవరు నొక్కారన్నది యంత్రానికి పట్టదు, చదివి నొక్కారా అన్నది అసలే పట్టదు.

ఏ వాక్యాన్ని ఆమోదించాలి అన్న దగ్గర కొత్తవాళ్ళు తికమక పడతారు. చార్మినార్ ఎత్తు ఒకచోట 48.7 మీటర్లని ఉంటుంది, ఇంకోచోట 56 మీటర్లని ఉంటుంది. భాగ్‌మతి పేరు మీద భాగ్యనగరం వెలిసిందంటే వినడానికి ఎంత బాగుంటుంది! కుతుబ్‌షాహీల చరిత్ర రాసిన హెచ్.కె. షేర్వానీ మాత్రం ఆ కథను ఒప్పుకోలేదు. చార్మినార్ కింద నుంచి గోల్కొండ దాకా సొరంగం ఉందని ప్రతి గైడూ చెబుతాడు, లోపలికి మాత్రం ఎవరినీ తీసుకెళ్ళడు. ఇలాంటి చోట్ల చేయాల్సింది ఒకటే. "అంటారు", "ఆధారం లేదు", "చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి" వంటి మాటలన్నీ తీసి చర్చ పేజీలో పెట్టండి. మిగిలిన ఖాయమైన వాక్యాన్ని వ్యాసంలో ఉంచండి. చర్చ పేజీని స్క్రిప్టు అవతలికి మోయదు. సందేహం ఇంట్లో ఉంటుంది, నమ్మకం ఊరేగుతుంది. ఈ ఏర్పాటులో ఇంతకంటే అందమైన భాగం నాకైతే కనబడలేదు.

ఇప్పుడు మూసల దగ్గరికి వద్దాం. వ్యాసం పక్కన కుడివైపు పెట్టెలో జిల్లా, రాష్ట్రం, జనాభా కనిపిస్తాయి కదా, అది ఆ వ్యాసంలో ఉండదు. వేరే పేజీలో ఉన్న మూసను వ్యాసం పిలుచుకుంటుంది. మీరు ఆమోదించింది ఆ పిలుపును. వచ్చేవాడు ఎవరో మామూలుగా పేజీని తయారుచేసే వేళకే తేలుతుంది, ఎందుకంటే ఆ క్షణంలో మూస ఎలా ఉంటే అలాగే వచ్చి కూర్చుంటుంది. అందువల్ల మక్కా మసీదు వ్యాసానికి ముగ్గురు పెద్దల సంతకం తప్పనిసరి చేయండి. ఆ వ్యాసం వాడుకునే మూసను మాత్రం దారిన పోయే ఎవరైనా మార్చుకునేలా వదిలేయండి. తలుపుకు మూడు తాళాలు వేసి కిటికీ తెరిచిపెట్టడం మన దగ్గర కొత్తేమీ కాదు. బొమ్మలదీ అదే కథ. వ్యాసంలో ఉన్నది బొమ్మ పేరు మాత్రమే. అదే పేరుతో రేపు ఎవరైనా వేరే ఫొటో ఎక్కిస్తే మీ ఆమోదముద్ర దాని మీద కూడా పడుతుంది.

పేర్ల విషయంలో తెలుగువాళ్ళుగా మనకు కొన్ని ప్రత్యేక సౌకర్యాలున్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. చార్మినార్ అన్న మాటలో హల్లులూ గుణింతాలూ పొల్లులూ విడదీసి లెక్కపెడితే పది సంకేతాలు, అంటే ముప్పై బైట్లు. లింకులోకి వెళ్ళేసరికి ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. పది సంకేతాల పేరు తొంభై అక్షరాల తోక అవుతుందన్నమాట. దాన్ని వాట్సాప్‌లో మీ బాబాయికి పంపండి. వైరస్ అనుకుని ఫోన్ ఆఫ్ చేసేస్తాడు. ఇక లినక్స్ సర్వర్ మీద ఫైలు పేరు మామూలుగా 255 బైట్లు దాటకూడదు. తెలుగులో అది ఎనభై అయిదు సంకేతాలు. శీర్షికలోనే వంశవృక్షం చెప్పే అలవాటున్న రచయితలు మీ వికీలో ఉంటే ఆ పరిమితిని పలకరించి వస్తారు.

అంతకంటే మంచిది కంటికి కనిపించని అక్షరం. పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి మన కీబోర్డులు ఒక శూన్యాక్షరాన్ని పెడతాయి. కొన్నిసార్లు అది మాట చివర ఊరికే అంటుకుని ఉండిపోతుంది. అప్పుడు మీ వికీలో చార్మినార్ పేజీలు రెండుంటాయి. చూడటానికి కవలలు, యంత్రానికి పరాయివాళ్ళు. ఒకదాన్ని ఆమోదించి రెండోదాన్ని దిద్దుతూ ఉండండి. ఎన్నిసార్లు దిద్దినా అవతల ఎందుకు మారడం లేదన్న ప్రశ్న మీ వారాంతపు సమావేశాలకు ఏళ్ళ తరబడి ఎజెండాగా పనికొస్తుంది.

రవాణా సులువే. అర్ధరాత్రి పన్నెండింటికి, వేళకు పనులు నడిపే క్రాన్ లేచి, ఆమోదం పొందిన పేజీలను ఉత్త హెచ్‌టీఎంఎల్‌గా మార్చి, ఫైళ్ళు మోసే ఆర్‌సింక్‌తో అవతలికి తోసేస్తుంది. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే ఆ అర్ధరాత్రి మనకు తెల్లవారుజామున అయిదున్నర. పాతబస్తీలో ఇరానీ చాయ్ పొయ్యి మీదికెక్కే వేళ. పని పాడైతే క్రాన్ నిజాయితీగా మెయిల్ పెడుతుంది, అదే సర్వర్‌లో ఎవరూ తెరవని ఒక పెట్టెకు. ఆ పెట్టె జోలికి వెళ్ళకండి.

అసలు విద్య అంతా ఇక్కడుంది. ఆర్‌సింక్‌కు మోయమంటే మోస్తుంది. ఇవతల చెరిపేసినదాన్ని అవతల కూడా చెరపమని ప్రత్యేకంగా చెబితే తప్ప చెరపదు. చెప్పకండి. అప్పుడు మీరు వికీలో తొలగించిన ప్రతి పేజీ, తప్పని తేలి ఆమోదం రద్దు చేసిన ప్రతి పేజీ అవతల చిరంజీవిగా ఉంటుంది. సెర్చ్ ఇంజన్లకు దొరుకుతుంది. పిల్లల ప్రాజెక్టుల్లోకి, పర్యాటకుల కరపత్రాల్లోకి వెళుతుంది. ఏదో ఒకరోజు ఎవరో ఆ కరపత్రాన్నే మూలంగా చూపించి అదే తప్పును మళ్ళీ మీ వికీలో చేరుస్తారు. ఇప్పుడు దానికి ఆధారం ఉంది కాబట్టి ఆమోదించక తప్పదు.

లేదు, చెరిపే ఏర్పాటు కూడా కావాలంటారా? అదీ బాగుంటుంది. ఒకరోజు ఎగుమతి మధ్యలో విరిగి ఇవతలి ఫోల్డర్ ఖాళీగా మిగిలితే, దానికి అచ్చమైన నకలుగా అవతల కూడా ఖాళీ చేసి పెడుతుంది. పాతబస్తీ మొత్తం ఒక్క తెల్లవారుజామున మాయమవుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద కూడా ఇంత శుభ్రంగా ఊడ్చలేదు.

యంత్రంతో పేజీలు పెట్టడంలో మనవాళ్ళకు అనుభవం తక్కువేమీ కాదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. తర్వాతి ఏళ్ళలో వేలకొద్దీ ఊళ్ళ పేజీలను అందులో బాట్లే సృష్టించాయి. ఈ మధ్య గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఇండిక్‌వికీ పేరుతో, డేటా పట్టికల నుంచి వ్యాసాలు అల్లే పని కూడా పెట్టుకున్నారు. వికీపీడియావాళ్ళ దగ్గర ఒక లోపముంది. చేరిన చోట కూడా ప్రతి పేజీ నెత్తిన "సవరించు" అన్న మీట ఉంచారు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019లో ముప్పై మూడయ్యాయి. బాట్లు పెట్టిన ఊళ్ళన్నీ ఒక్కసారిగా తప్పు జిల్లాల్లో పడ్డాయి. పాపం వాలంటీర్లు కూర్చుని దిద్దాల్సి వచ్చింది. మీ సైటులో ఆ మీట ఉండదు కనుక ఆ బాధ మీకు లేదు. 2014 జూన్ 2కు ముందు ఎగుమతైన మీ పేజీ, హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని అని హాయిగా చెప్పుకుంటూ పోతుంది. నిందించడానికీ లేదు. విభజన చట్టం ఈ ఊరిని పదేళ్ళు ఉమ్మడి రాజధానిగా ఉంచింది కాబట్టి ఆ పాత పేజీ 2024 జూన్ 2 దాకా సగం సత్యమే చెప్పింది. ఓపిక పడితే తప్పు కూడా ఒక్కోసారి పదేళ్ళ పాటు సగం ఒప్పుగా నిలబడుతుంది. ఆ తర్వాత పూర్తిగా తప్పయిందనుకోండి, అది వేరే సంగతి.

లైసెన్సు గురించి రెండు ముక్కలు. వికీపీడియా నుంచి తెచ్చుకున్న పాఠ్యం క్రియేటివ్ కామన్స్ కిందిది. రాసినవాళ్ళకు పేరు దక్కాలి, మార్చినదాన్ని అదే షరతు మీద పంచాలి. పేజీ చరితం అవతలికి వెళ్ళదు కాబట్టి పేర్లూ వెళ్ళవు. అడుగున "అన్ని హక్కులూ మావే" అని రాసేయండి. మిగతా ధైర్యానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

ఇక మిగిలింది ఫిర్యాదులు. ఛత్తాబజార్‌లో శుభలేఖలు అచ్చేసే ఒకాయన ఫోన్ చేస్తాడనుకుందాం.

"సార్, మీ సైటుల మా ప్రెస్సు బందయిందని రాసిన్రు. మాది నడుస్తుంది. గిరాకీ వస్తలేదు."

"అది సైటు కాదండీ, నకలు. అసలు వికీలో ఉంటుంది. వికీవాళ్ళను అడగండి."

"అడిగిన సార్. వాళ్ళు పోయిన్నెలనే దిద్దినమన్నరు. సైటోళ్ళనడగమన్నరు."

"దిద్దారు సరే, ఆమోదించారా?"

"ఆమోదించే సారు ఊళ్ళె లేడంట. మా దగ్గర ముహూర్తం తప్పు పడితే కార్డులన్నీ మల్ల మా పైసలతోనే కొడ్తం సార్, తెలుసా?"

ఇలాంటి ఉద్వేగాలకు లొంగకండి. మర్యాదగా ఒక టికెట్ నంబరు ఇచ్చి ఫోన్ పెట్టేయండి. టికెట్ల పట్టిక కూడా వికీలోనే ఒక పేజీగా ఉంచండి. ఆమోదం పొందాక అదీ అవతలికి వెళుతుంది.