ఊళ్ళో ఎటువైపండీ?

పోర్టు వస్తోందని మేడ మీద వాటాకి సున్నం వేయించాను. 2008లో ఒకసారి వేయించాను, 2019లో ఒకసారి వేయించాను. శంకుస్థాపన జరిగినప్పుడల్లా బందరులో గోడలకి ఇలా కళొస్తుంది, రెండు వర్షాకాలాలకి పెచ్చులూడిపోతుంది. 2023లో మూడో రాయి పడ్డాక మాత్రం సముద్రం వైపు నిజంగానే క్రేన్లు లేచాయి. లారీలు తిరుగుతున్నాయి. కోనేరు సెంటర్లో టీ తాగుతుంటే పక్కన హిందీ వినిపిస్తోంది, ఒరియా వినిపిస్తోంది. 2015లో మునిసిపాలిటీని కార్పొరేషన్ చేసినప్పుడు పేరొక్కటే పెరిగిందనుకున్నాం గానీ, ఇప్పుడు ఊరు కూడా పెరిగేలా ఉంది. పెరిగే ఊళ్ళో ఖాళీ వాటా ఉంచుకోవడం పాపం కదా, టులెట్ బోర్డు కట్టాను.

ముందే చెబుతున్నాను, నాకు కులం పట్టింపు లేదు. ఆ శాఖ మా ఆవిడ చూస్తుంది.

ఫలానావాళ్ళకే ఇస్తామని బోర్డు మీద రాయడం మోటు పని. శాకాహారులకు మాత్రమే అని రాసి పని కానిచ్చుకునేవాళ్ళున్నారు. ఆదివారం మటన్ లేనిదే మా ఇంట్లో ముద్ద దిగదు కనక ఆ దారి మాకు మూసుకుపోయింది. మా ఆవిడది ప్రశ్నల దారి. ముందు మంచినీళ్ళిస్తుంది, ఫ్యాను వేస్తుంది.

"మీదే ఊరండీ?"

"గుడివాడ దగ్గరండీ."

"గుడివాడ దగ్గరంటే?"

పాపం, ఊరి పేరు చెబుతారు.

"అయ్యో, మా పిన్నత్తగారిదీ ఆ ఊరే! ఊళ్ళో ఎటువైపండీ? రామాలయం వైపా, చెరువు అవతలా?"

ఆవిడకి పిన్నత్తగారు లేని ఊరు కృష్ణా జిల్లాలో లేదు. ఈలోగా ఇంటిపేరు బయటికొస్తుంది, నాలుగో ప్రశ్నకి తాత ముత్తాతలు బయటికొస్తారు. ఉపగ్రహాలు పెట్టి సెల్‌ఫోన్లో దారి చూపిస్తున్నామని ఇప్పటి పిల్లలు మురిసిపోతారు గానీ, మనిషిని గుమ్మం దాకా పట్టుకెళ్ళే విద్య మా వైపు ఎప్పట్నించో ఉంది. ఆ సేపంతా నేను పేపరు అడ్డం పెట్టుకుని వింటూ ఉంటాను. ఒకాయనకి దాదాపు ఇచ్చేశాం కూడా. ఇంటిపేరు అచ్చంగా మావాళ్ళదే. తీరా కనుక్కుంటే అదే ఇంటిపేరు ఇంకో మూడు కులాల్లో ఉందట. ఇంటిపేర్లకి కాపీరైటు లేకపోవడం ఈ రాష్ట్రంలో పెద్ద లోపం.

ఆ తర్వాత ఒక లెక్చరరు గారొచ్చారు. దివిసీమ మనిషి, పిల్లలకి చరిత్ర చెబుతారు. మెట్ల కిందే చెప్పులు విప్పి పైకెక్కిన తీరుకే మా ఆవిడ సగం కరిగింది. ఆయన కిటికీ తెరిచి వీధంతా ఒకసారి చూసి, "పరాసుపేటలో కాపురమంటే భలే సరదాగా ఉంటుందండీ" అన్నారు. ఎందుకన్నాను. పరాసులంటే ఫ్రెంచివాళ్ళట! పుట్టి బుద్ధెరిగి ఈ పేటలోనే ఉన్నాను, ఇన్నాళ్ళూ పరశురాముడి పేరనుకుంటున్నాను.

ఇక ఆయన్ని ఆపడం నా తరం కాలేదు. 1605లో డచ్చివాళ్ళు ఇక్కడ దిగారట, తెలుగులో వాళ్ళే వలందులు, అందుకే వలందపాలెం. 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు, ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనక్కర్లేదు. 1669లో మా పరాసులు వచ్చారు. వీళ్ళందరికంటే ముందే పర్షియా వర్తకులున్నారు, గోల్కొండ సుల్తానులకి పెద్ద రేవు ఇదే కదా. అసలు బందరన్న మాటే పారశీకమట, రేవని అర్థమట. అంటే పదిహేనేళ్ళకి పైగా మనం బందరు పోర్టు, బందరు పోర్టు అని ధర్నాలు చేస్తుంటే, రేవు రేవు అని అరిచినట్టన్నమాట. పెడన అద్దకానికి కలంకారీ అన్న పేరూ పారశీకమే, ఆ లతలూ పూలూ చాలావరకు పర్షియా గిరాకీని చూసి అద్దినవే. మా ఆవిడ ఆ రోజు కట్టుకున్నది కలంకారీ చీర. ఎందుకైనా మంచిదని కొంగు ఒకసారి సర్దుకుంది.

ఆవిడ తొక్కుడు లడ్డు పెట్టింది. ఆయన దాన్నీ వదల్లేదు. "దీన్ని బందరుకి తెచ్చింది బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీలంటారండీ" అన్నారు. నా నోట్లో లడ్డు నోట్లోనే ఉండిపోయింది. భౌగోళిక గుర్తింపు వచ్చిందని మొన్నటిదాకా వాకింగులో మిత్రులందరి దగ్గరా మీసం మెలేసింది ఈ లడ్డు గురించే. మనదనుకున్న పేట ఫ్రెంచివాడిది, ఊరిపేరు పర్షియావాడిది, లడ్డు బుందేల్‌ఖండుది. ఇంకాసేపు కూర్చుంటే మా తాతగారు కూడా ఏ ఓడలోంచో దిగుతారేమోనని భయమేసి మాట మార్చాను. మీ దివి వైపు ఏముందండీ చరిత్ర, అన్నాను.

శ్రీకాకుళం ఉంది కదండీ, అన్నారు. ఆంధ్రమహావిష్ణువు గుడి. రాయలవారు కళింగం మీదికి వెళుతూ అక్కడ ఆగారు, కలలో స్వామి కనిపించి కావ్యం రాయమన్నాడు, అదే ఆముక్తమాల్యద. "ఆయనది తుళువ వంశమండీ, అయినా తెలుగులోనే రాశారు."

రాయలవారు ఊళ్ళో ఎవరింటా దిగకుండా దేవుడి దగ్గర ఎందుకు ఆగారో నాకప్పుడు అర్థమైంది. వాటా కోసం తిరిగే ఉంటారు. మీదే ఊరండీ అంటే విజయనగరమని ఉంటారు. బొబ్బిలి దగ్గరదా అని అడిగి ఉంటారు. కాదు, తుంగభద్ర ఒడ్డునంటే మంచినీళ్ళ గ్లాసు వెనక్కి తీసుకుని ఉంటారు.

సరే, ఎంత చరిత్రయినా చివరికి భూగోళం దగ్గరికి రావాల్సిందే. మా ఆవిడ గొంతు సవరించుకుంది.

"మీ ఊళ్ళో మీదెటువైపండీ?"

ఆయన చిన్నగా నవ్వారు. చరిత్ర మేష్టారు కదా, ఆ ప్రశ్న వయసెంతో ఆయనకి తెలుసు. "ఉప్పెన తర్వాత కట్టిన కాలనీలోనండీ" అన్నారు.

"అంతకుముందు?" మా ఆవిడ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"1977 నవంబరు 19 రాత్రి ఊళ్ళో అందరూ ఒకటే వైపు కొట్టుకుపోయారండీ."

సర్కారువారి లెక్కలోనే చనిపోయినవాళ్ళు పదివేలకి అటూ ఇటూ. శవాలని ఎటువైపువని అడిగి తగలబెట్టిన వాడు లేడు. ఇంట్లో ఒక నిమిషం ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ నిమిషం అయ్యాక మా ఆవిడ, "కాలనీలో గుడి దగ్గరా, చర్చి దగ్గరా?" అంది.

"చర్చి పక్కనేనండీ."

"అయ్యో, మర్చేపోయాను. మా చుట్టాలబ్బాయి వస్తానన్నాడండీ. వాడు రాకపోతే మీకే ఫోన్ చేస్తాం."

ఆ చుట్టాలబ్బాయి ముప్ఫయ్యేళ్ళుగా వస్తూనే ఉన్నాడు. పాపం, ఇంకా పెళ్ళి కూడా కాలేదు.

ఆ రాత్రే డల్లాస్ నుంచి మావాడు ఫోన్ చేశాడు. ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నాడు లెండి. గొంతు బాగా లేదు. పక్కింటి తెల్లాయన "నువ్వు అసలు ఎక్కణ్ణించి వచ్చావు?" అని అడిగాడట. డల్లాసే అంటే, "అది కాదు, అసలు?" అన్నాడట.

"అయితే ఏమైందిరా?"

"అది వివక్ష నాన్నా! మనం ఇక్కడివాళ్ళం కాదని గుర్తు చెయ్యడం!"

"ఏ ఊరని అడిగితే వివక్షేమిట్రా? మీ అమ్మ పొద్దుట్నించీ అదే పని మీదుంది."

"అది వేరు నాన్నా" అన్నాడు.

వేరేనని నేనూ ఒప్పుకున్నాను. మావాడు వాళ్ళాఫీసులో అన్ని జాతులనీ కలుపుకుపోయే కమిటీలో మెంబరు, వాడికి తెలీదా. 2023లో సియాటిల్ నగరం కుల వివక్ష కూడదని చట్టం చేసినప్పుడు వాడు ఎంత బాధపడ్డాడని! అమెరికాలో మనకి కులమెక్కడుంది నాన్నా అని వాట్సాప్ గ్రూపులో పేజీలకి పేజీలు రాశాడు. ఆ గ్రూపు మా కులంవాళ్ళది కాబట్టి అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. తెలుగువాళ్ళంతా ఒక్కటేనని 1977లో తానా పెట్టారు. ఆ మాట సరిగ్గా వినపడలేదేమో, 1990లో ఆటా పెట్టారు. తర్వాత నాట్స్ వచ్చింది, నాటా వచ్చింది. ఇవి కాక ఎవరి సంఘాలు వాళ్ళకి సరేసరి. ఇన్ని గొంతులతో చెబితే గానీ ఐక్యత వినపడదు.

చివరికి వాటా ఒక బీహారు వెల్డరు కుర్రాడికిచ్చాం. జపాను భాషలో ఉపన్యాసమిచ్చిన పింగళి వెంకయ్యగారి వైపువాళ్ళం, హిందీకి జంకుతామా? మా ఆవిడ మామూలుగానే మొదలుపెట్టింది. మీదే ఊరు? సివాన్. సివాన్లో ఎటువైపు? తూర్పు. మా ఆవిడకి దిక్కు తోచలేదు. సివాన్లో రామాలయం ఎటో, చెరువెటో, పిన్నత్తగారు ఏ మూల ఉందో ఏం తెలుసు. ఇంటిపేరడిగితే కుమార్ అన్నాడు. ముప్ఫయ్యేళ్ళ విద్య కుమార్ దగ్గర ఆగిపోయింది. ఏ కులమో తేలలేదు కనక మంచి కులమే అయ్యుంటుందనుకున్నాం. పైగా రెండు వేలు ఎక్కువిస్తానన్నాడు.

మావాడు పొంగిపోయాడు. కుమార్ భుజం మీద నేను చెయ్యేసిన ఫొటో తెప్పించుకుని వాళ్ళ కమిటీలో చూపించాడట. చప్పట్లు కొట్టారట.

అడ్వాన్సు మాత్రం కుమార్ వెంటనే ఇవ్వలేదు. వెళ్ళేముందు నన్ను పక్కకి పిలిచి, "అంకుల్ జీ, ఆప్ లోగ్ కౌన్ బిరాదరీ?" అన్నాడు. చెప్పాను. అతనికేం అంతు పట్టలేదు. రెండు రోజులు ఎవరెవరికో ఫోన్లు చేసి కనుక్కుని, అప్పుడొచ్చి ఇచ్చాడు.

లెక్చరరు గారు రోజూ అవనిగడ్డ బస్సులోనే వచ్చి వెళుతున్నారు. మొన్న బస్టాండులో కనిపించి, మీ చుట్టాలబ్బాయి దిగాడా అండీ అని అడిగారు. దిగాడన్నాను.