బొమ్మ దిగింది... నీళ్లో?

ప్రాంతీయ చానళ్లు హెచ్‌డీ బాట పట్టేసరికి కనిగిరి మిద్దెల కింద పాత డిష్ పెట్టెలకు చూపు మందగించింది. రీట్యూన్ చేస్తే కొన్ని చానళ్లు తిరిగొస్తాయి. ఎంపెగ్‌-2 పెట్టె మాత్రం రిమోట్ అరిగేదాకా నొక్కినా ఎంపెగ్‌-4 బొమ్మ చూపదు, పెట్టెనే మార్చాలి. మారిస్తే లాభం లేకపోలేదు. నేతల నవ్వుతో పాటు, ఫ్లోరైడ్ నీళ్లకు గార పట్టిన మన పళ్లూ 1080 గీతల్లో తళతళ!

సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తునుంచి బొమ్మ రెప్పపాటులో దిగుతోంది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నుంచి మనకు రావాల్సిన నీళ్లు మాత్రం ఇంకా దారిలోనే ఉన్నాయి. గొడుగు తిప్పితే సిగ్నలొస్తుంది, కొళాయి తిప్పితే గాలొస్తుంది. అయ్యలారా, ఆ వెలిగొండ కాలువను రీట్యూన్ చేయడానికి ఏ మీట నొక్కాలో కాస్త చెబుదురూ!