ఈ ఫోను చూపిన మంటలు

ఈ ఫోనుకు ‘నేను’ అనడం రాదు. హోసూరు సిప్కాట్‌లో ఒక లేత్ షెడ్డులో, కూలెంట్ డబ్బాకు ఆనించి నిలబెట్టిన నాటి నుంచి అందరూ ‘ఈ ఫోను’ అనే అంటున్నారు, దానికీ అదే అలవాటైపోయింది. స్పీకరులో ఇనపరజను చేరి మాట సగమే పలుకుతుంది. చార్జింగు వైరు రబ్బరుబ్యాండు బిగిస్తేనే నిలుస్తుంది. అయినా ఈ అరచేయంత అద్దం మీద లేచిన రాకెట్లూ, దిగిన రాకెట్లూ తక్కువేమీ కావు.

2017 ఫిబ్రవరిలో బాగలూరు రోడ్డులో కొన్నారు. అదే నెల 15న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ37 ఒక్కటే 104 ఉపగ్రహాలను మోసుకెళ్లింది. రాకెట్టుకే బిగించిన కెమెరాలు తీసిన వీడియోను ఇస్రో బయటపెడితే, యజమాని దాన్ని ఇంటికి తెచ్చి తల్లికి చూపించాడు. ముందు 714 కిలోల కార్టోశాట్ మెల్లగా జరిగిపోయింది. దాని వెనకాల బుల్లి పెట్టెలు ఒక్కొక్కటే చీకట్లోకి జారాయి.

“ఏమప్పా, అనపకాయ ఒలిచినట్ల రాలతా ఉండాయే!” అనింది అవ్వ.

యజమాని చూసింది వేరు. ఏది ముందు, ఏది వెనక, ఏ వాలున, ఎన్ని సెకన్ల ఎడంతో వదిలారన్నది. ఆ లెక్క తప్పితే ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. చక్‌లో జాబ్ బిగించి, సెంటరు చూసుకునే మనిషికి అలాంటివే కనబడతాయి మరి.

నేల మీది కెమెరాకు పొగ, జనం, చప్పట్లు ఉంటాయి. దూరం కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున ఉరుము ఆలస్యంగా వస్తుంది. రాకెట్టు వీపు మీది కెమెరాకు ఆ సందడి లేదు. పులికాట్ సరస్సు నీళ్లు, తీరం గీత, మబ్బులు, ఆఖరికి వంగిన భూమి, అన్నీ కిందికి జారిపోతుంటాయి. అందులో షెడ్డువాళ్లు మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి చూసేది మంటను. కింద సన్నగా, బిగువుగా ఉన్న మంట పైకి పోయేకొద్దీ గొడుగులా విచ్చుకుంటుంది. నేల దగ్గర గాలి ఒత్తిడి దాన్ని గుప్పిట్లో పెట్టుకుంటుంది. పైన పట్టేవాళ్లు లేరు.

2018 ఫిబ్రవరి 6న అమెరికాలో ఫాల్కన్ హెవీ రాకెట్టు తొలిసారి లేచింది. పక్క బూస్టర్లు రెండూ ఫ్లోరిడా తీరంలో జంటగా దిగిన వీడియోను షెడ్డు మొత్తం లేత్‌లు ఆపి చూసింది. మధ్య బూస్టరు సంగతి అడిగినవాడు ఒక్కడే, కొత్తగా చేరిన కుర్రాడు. సముద్రంలోని ఓడ మీద అది దిగాల్సింది. ఇంజన్లను తిరిగి అంటించే రసాయనం చాలక మూడింటిలో ఒక్కటే వెలిగింది, బూస్టరు ఓడకు సుమారు వంద మీటర్ల అవతల నీళ్లలో పడిపోయింది. “ఇంత చేసి అగ్గిపుల్ల చాల్లేదా అన్నా?” అన్నాడు కుర్రాడు. యజమాని నవ్వలేదు. కూలెంట్ అయిపోయింది చూసుకోక టూలు విరగ్గొట్టిన రోజులు ఆయనకూ ఉన్నాయి.

అప్పట్లో ఓడ మీద బూస్టరు దిగేటప్పుడు సరిగ్గా ఆ ఘడియకే బొమ్మ పోతుండేది. రాకెట్టు అదురుకు ఓడ మీది యాంటెన్నా ఉపగ్రహాన్ని వదిలేసేది. కృష్ణగిరిలో చదివే కూతురిని చూడ్డానికి బస్సెక్కితే శూలగిరి దగ్గర ఈ ఫోనుకూ అదే గతి.

కృష్ణగిరి అంటే గుర్తొచ్చింది. ఆ కొండ మీది కోట ఒకప్పుడు హైదరలీ, టిప్పుల ఏలుబడిలోది. వాళ్ల సైన్యం ఇనప గొట్టాల్లో మందు కూరిన రాకెట్లను 1780లో పొల్లిలూరు దగ్గర ఇంగ్లీషువాళ్ల మీద వదిలింది. వాటిని చూసే ఇంగ్లండులో కాంగ్రీవ్ తన రాకెట్లు తయారుచేశాడు. తిరిగొచ్చి దిగడం మాత్రం వాటి పని కాదు.

2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04. చంద్రయాన్-3 దిగుతుంటే ఒక్క యూట్యూబ్‌లోనే ఒకేసారి 80 లక్షల మందికి పైగా చూశారు, అందులో ఈ ఫోను ఒకటి. తెర మీద గీతలు, అంకెలు, కంప్యూటర్ గీసిన బొమ్మ. అవ్వ అద్దం దగ్గరికి ముఖం పెట్టి, “చంద్రుడు ఏడప్పా?” అని అడిగింది. ల్యాండరు కెమెరా తీసిన అసలు వీడియో మర్నాడు వచ్చింది, గుంతల నేల పైపైకి వస్తూ. అవ్వ ఆ పూట మాట్లాడలేదు. తాను అడిగింది అదే.

ఆ ఏడాది చివర ఈ ఫోను బల్ల మీంచి జారి అద్దం పగిలింది. మూల నుంచి మూలకు సాలెగూడు గీత. 2024 జూన్ 6 సాయంత్రం, అమెరికా రాకెట్టు స్టార్‌షిప్ నాలుగోసారి ఎగిరి హిందూ మహాసముద్రం వైపు దిగుతోంది. చుట్టూ నారింజ రంగు మంట. ఒక రెక్క అంచు కాలి, చిల్లిపడి, నిప్పురవ్వలు ఎగిరాయి. అంతలో బొమ్మ మీద పగులు కనబడింది. యజమాని బనియను కొసతో అద్దం తుడిచాడు. పోలేదు. ఉమ్మి తడి చేసి తుడిచాడు. పోలేదు. “నాయనా, అది మన ఫోనుది కాదు, ఆడ కెమెరాకే పగిలుండాది” అనింది కూతురు. నిజమే. పగిలిన కటకం చూపేదాన్ని పగిలిన అద్దం చూపిస్తోంది. ఆ రెక్క సగం కాలీ తిరిగింది, స్టార్‌షిప్ నిటారుగా నిలబడి నీళ్లలో దిగింది. మామూలుగా ఆ మంట పొరే రేడియోను మింగేస్తుంది. స్టార్‌షిప్ మాత్రం మంట పట్టని వీపు వైపు నుంచి స్టార్‌లింక్ ఉపగ్రహాలకు బొమ్మను పంపింది.

ఆ నెల 23న చిత్రదుర్గలో మన ఇస్రో రెక్కల వాహనం పుష్పక్ మూడోసారి దిగింది. చినూక్ హెలికాప్టరు నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున వదిలితే తనంతట తానే రన్‌వే వెతుక్కుని, గంటకు 320 కిలోమీటర్లకు మించిన వేగంతో చక్రాలు ఆనించి, వెనక గొడుగు విప్పి నిలదొక్కుకుంది. అక్టోబరు 13న అమెరికాలో స్టార్‌షిప్ 71 మీటర్ల బూస్టరును టవరు చేతులు గాల్లోనే పట్టుకున్నాయి. చప్పట్లు దానికే ఎక్కువ పడ్డాయి. ఈ ఫోను ఓటు మాత్రం పుష్పక్‌కే. హోసూరు నుంచి బస్సెక్కితే ఒక పూటలో పోగలిగిన ఊళ్లో దిగింది మరి.

ఇస్రో వారికి ఒక మనవి. గగన్‌యాన్‌లో మనుషులు ఎక్కే రోజున తెర మీది గీతల, అంకెల పక్కన ఒక చిన్న కిటికీ తెరవండి. కెమెరా చూసింది చూసినట్టే, ఆ క్షణానే చూపండి. మసకైనా సరే, నడుమ తెగినా సరే. పగిలిన అద్దంలో చూడడం ఈ షెడ్డుకు అలవాటే.