ఇంజన్ దీపానికి దీపిక

మూలము: ఇంజన్ దీపము వెలిగినచో అధీకృత సేవాకేంద్రమును సంప్రదించవలెను.

మోటారుసైకిలుతో ఇచ్చే పుస్తకాల్లో ఏదో ఒక రూపాన కనిపించే ఈ సూత్రానికి ఇంతవరకు వ్యాఖ్య లేకపోవడం విచారకరం. ‘ఇంజన్’, ‘దీపము’ స్పష్టములు. ‘సంప్రదించవలెను’ విధ్యర్థకం, కర్త లేడు, ‘నీవు’ అని అధ్యాహారం చేసుకోవాలి. బిల్లు కట్టే క్రియకూ అతడే కర్త. చిక్కంతా ‘వెలిగినచో’ అనే చేదర్థకంలో ఉంది. తాళం తిప్పగానే ఆ దీపం వెలగాలి, ఇంజన్ అందుకున్నాక ఆరాలి. ఏబీఎస్ దీపమైతే బండి కదిలి కొంత వేగం అందుకునేదాకా ఆరదు. అక్షరార్థం పాటించేవాడు రోజూ పొద్దున్నే సేవాకేంద్రం గడప తొక్కాలి. తాళం తిప్పినా వెలగని దీపాన్నే అనుమానించాలి. దాని విషయంలో సూత్రకారుడు మౌని.

ఇక్కడ అన్నంభట్టును తలుచుకోక తప్పదు. తర్కసంగ్రహం రాసి, దానికి తానే ‘దీపిక’ అనే వ్యాఖ్య కూర్చుకున్న తెలుగు పండితుడాయన. దీపం గొడవకు అంతకన్నా తగిన ప్రమాణం ఏముంది? తార్కికుల లెక్కలో పొగను బట్టి నిప్పును ఊహించవచ్చు, నిప్పును బట్టి పొగను ఊహించరాదు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చికట్టె తగలాలి. ఆ తగలడమే ఉపాధి, అంటే అదనపు షరతు. ఉపాధి ఉన్న హేతువు వ్యాప్యత్వాసిద్ధం, అంటే దాన్ని నమ్మి ఊహ కట్టరాదు. పొయ్యి ఊదినవాళ్లెవరికీ పచ్చికట్టె గురించి శాస్త్రం చెప్పనక్కర్లేదు గాని, ఆ కన్నీళ్లను లక్షణంగా మార్చినవాడు తార్కికుడే. ఇంతకీ మోటారుసైకిలు.

‘లైటు వెలిగింది, కాబట్టి సెన్సర్ పోయింది’ అనే సేవాకేంద్ర సిద్ధాంతం నిప్పులోంచి పొగ తీయడమే. ఆ దీపం చెప్పగలిగింది ఒక్కటే: ఇంజన్‌ను నడిపించే కంప్యూటరుకు, అంటే ఈసీయూకు, అందిన సంకేతం హద్దులో లేదు. అందుకు సెన్సర్ చావనక్కర్లేదు. కనెక్టర్‌లో చేరిన నీరు, హ్యాండిల్ మెడ దగ్గర నలిగి తెగిన తీగ, తుప్పెక్కిన ఎర్తు చాలు. స్కానర్ చూపే కోడ్ కూడా చాలాసార్లు సర్క్యూట్ పేరే చెబుతుంది, మార్చవలసిన భాగం పేరు కాదు. కొత్త సెన్సర్ బిగించేందుకు కనెక్టర్ ఊడదీసి పెట్టినప్పుడు పాత తుప్పు రాలి దీపం ఆరవచ్చు. అప్పుడు కీర్తి కొత్త సెన్సర్‌కు, బిల్లు కర్తకు. చెత్తబుట్టలో పడిన పాతది నిర్దోషేమోనని విచారించేవారుండరు.

పూర్వపక్షం: తెలియనివాడు వేలు పెడితే వారంటీ పోతుంది. సగం నిజమే. ఈసీయూ విప్పమని, తీగలు కోయమని ఎవరూ అనడం లేదు. ఎర్రని ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగితే తర్కం కట్టిపెట్టి వెంటనే ఇంజన్ ఆపాలి. కాని మల్టీమీటర్ కొనలు బ్యాటరీకి ఆనిస్తే ఏ వారంటీ చెడుతుంది? నిండు లెడ్ యాసిడ్ బ్యాటరీ, బండి ఆపిన కొన్ని గంటలకు, దాదాపు 12.6 వోల్టులు చూపాలి. ఇంజన్ కాస్త రేజ్ చేస్తే సాధారణంగా 13.5–14.5 మధ్య ఉండాలి. పెరగకపోతే స్టేటర్, రెక్టిఫయర్, వాటి తీగలు చూడాలి. 15 దాటితే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. వోల్టేజీ పడిపోయిన బండి లేని జబ్బులు కూడా చెబుతుంది.

తాత్పర్యము: ‘సంప్రదించవలెను’కు ముందు ‘కొలిచి’ అనే పదం లుప్తమైంది, పాఠకులు చేర్చి చదువుకోవాలి. భాగం మార్చాలన్నవారిని ఏం కొలిచారో, ఎంత వచ్చిందో అడగండి. అంకె చెప్పినవారికే డబ్బివ్వండి.